చిన్న కొనుగోలుకు ఇంత పెద్ద ఫైలా?

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే యంత్రానికి బ్యాటరీ అయిపోతే ఏం జరుగుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. తేమ 17 శాతం దాటితే కొనరు. యంత్రం పనిచేయకపోతే 17 ఉందో 20 ఉందో తేల్చేదెవరు? గింజలు అరచేతిలో నలిపి చూసినవాడు చెప్పిందే తేమ, అతను కోసిందే తరుగు. బ్యాటరీ ఖరీదు వందల్లో ఉంటుంది, రైతు నష్టం వేలల్లో ఉంటుంది.

ఇదొక్కటే కాదు. కల్లంలో కుప్పల మీద కప్పే టార్పాలిన్లు, బస్తాలు కుట్టే సుతిలి, పశువైద్యశాలలో సూదులు, భూసార పరీక్షా కేంద్రంలో రసాయనాలు, కాలువ షట్టరుకు గ్రీజు, బోల్టులు... అన్నీ చిన్న ఖర్చులే. అయినా ఎప్పుడడిగినా "పైకి రాశాం, మంజూరు రాలేదు" అన్నదే జవాబు. మంజూరు వచ్చేసరికి యాసంగి ధాన్యం అకాల వానకు తడుస్తుంది, కోస్తాలో సార్వా ధాన్యం తుపానుకు మొలకెత్తుతుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఇదే.

చిన్న కొనుగోళ్లకు సులువైన దారి లేక ఇలా జరుగుతోందా? కాదు. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నియమాల్లో ఆ దారి స్పష్టంగా ఉంది. ప్రభుత్వ జెమ్ పోర్టల్‌లో దొరకని సరుకు 2017 నాటి పరిమితి ప్రకారం 25 వేల రూపాయల లోపుదైతే కొటేషన్లు లేకుండానే కొనవచ్చని 154వ నియమం చెప్పింది. సరుకు నాణ్యమైనది, ధర సమంజసమైనది అని అధికారి తన సంతకంతో ధ్రువీకరించాలి. ఆపైన, అప్పటి పరిమితి ప్రకారం రెండున్నర లక్షల వరకు, ముగ్గురు సభ్యుల స్థానిక కమిటీ బజారులో విచారించి కొనవచ్చని 155వ నియమం చెప్పింది. పరిశోధనా సంస్థలకు పని ఆగిపోతోందని 2025 జూన్‌లో ఆ సంస్థలకు ఇలాంటి పరిమితులను 2 లక్షలకు, 25 లక్షలకు పెంచారు. మంచిదే, మేము కాదనం. ప్రయోగశాలలో పని ఆగకూడదన్నప్పుడు కల్లంలో పని మాత్రం ఎందుకు ఆగాలి?

ఈ నియమాలు కేంద్ర కార్యాలయాలకు వర్తించేవి. రాష్ట్రాలకు తమ ఆర్థిక కోడ్, తమ జీవోలు ఉన్నాయి. కొనే అధికారం ఏ స్థాయికి ఎంత ఇవ్వాలన్నది రాష్ట్ర ప్రభుత్వాల చేతిలోని పని. అధికారం కాగితం మీద ఇస్తే చాలదు, దానికి తగ్గ డబ్బు కూడా సీజనుకు ముందే కింది కార్యాలయానికి చేరాలి. డబ్బు లేని అధికారం ఎద్దులు లేని బండి లాంటిది. బిల్లు నెలల తరబడి రాదని తెలిసిన కొట్టువాడు ప్రభుత్వానికి అప్పివ్వడు, ఇచ్చినా ఆ వడ్డీ ధరలోనే కలుపుతాడు.

నిబంధనలు సడలిస్తే కంచే చేను మేస్తుంది కదా అని కొందరంటారు. ఆ భయం మాకూ ఉంది. పెద్ద కొనుగోలును ముక్కలు చేసి చిన్న బిల్లులుగా చూపడం కొత్త విద్యేమీ కాదు. అందుకే 157వ నియమం దాన్ని నిషేధించింది. అయితే ఇప్పుడున్న తతంగం దొంగతనాన్ని ఆపుతోందా? ఒకే చేతిరాతతో మూడు కొట్ల కొటేషన్లు తెచ్చే ఘనులకు ఏ ఫైలూ అడ్డు కాదు. ఆలస్యం నిజాయితీపరుడైన ఉద్యోగి చేతులే కడుతోంది. దొంగను పట్టించేది ఫైలు మందం కాదు, ఊరి కన్ను.

కాబట్టి రెండు ప్రభుత్వాలను మేము కోరేది ఇది. కోతలకు నెల ముందే ప్రతి కేంద్రానికి కావలసిన సరంజామా లెక్క కట్టాలి. చిన్న ఖర్చులకు నిర్ణీత మొత్తాన్ని ముందుగానే కేంద్రం నడిపేవారి చేతికివ్వాలి. కొనుగోలు కమిటీలో రైతుల ప్రతినిధి ఒకరుండాలి. కొన్న వస్తువు, ధర, కొట్టు పేరు, తేదీ అదే వారంలో నోటీసు బోర్డు మీద పెట్టాలి. కొట్టువాడి బిల్లుకు గడువు పెట్టాలి. ఇందులో ఒకటిచ్చి ఒకటి ఆపితే ఫలితం ఉండదు. వేగం మాత్రమే ఇస్తే దోపిడీ, లెక్కలు మాత్రమే అడిగితే మళ్లీ ఆలస్యం.

మన పని కూడా మనకుంది. గ్రామ శాఖలు కోతలు మొదలు కాకముందే కేంద్రానికి వెళ్లి టార్పాలిన్లు ఎన్ని ఉన్నాయి, వాటిలో చిరిగినవెన్ని, కాంటా, తేమ యంత్రం పనిచేస్తున్నాయా చూసి రాసుకోవాలి. లోటున్నవాటి జాబితా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. లెక్క చూపకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద బిల్లుల నకళ్లు కోరవచ్చు. మండల కార్యాలయానికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు రుసుము, 30 రోజుల్లో జవాబివ్వాలి. ధాన్యం తడిశాక ధర్నా చేయడం మనకు కొత్త కాదు. ఈసారి తడవకముందే కార్యాలయం గుమ్మంలో నిలబడదాం.