చల్లారని రాత్రులు

గ్రీష్మమును వర్ణించిన మన పూర్వకవులు మధ్యాహ్నపుటెండను ఎంత నిందించినను, సాయంసమయమును, వెన్నెల రాత్రిని మెచ్చుకొనక మానలేదు. నేటి నగరములలో ఆ మెప్పునకు అవకాశము సన్నగిల్లుచున్నది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుట మనకు తెలిసినదే. రాత్రి పదిగంటలకు గోడపై చేయి పెట్టిన చురుక్కుమనుట మాత్రము క్రొత్త.

కారణము గూఢమైనది కాదు. కాంక్రీటు, తారు పగలంతయు ఎండను త్రాగి, ప్రొద్దు గ్రుంకిన పిదప మెల్లగా విడిచిపెట్టును. చెట్టు నీడ నిచ్చుటయే గాక, ఆకులనుండి వెలువడు నీటి ఆవిరితో గాలిని చల్లబరచును. చెట్లు కొట్టి, చెరువులు పూడ్చి, గాలి చొరకుండ మేడలు లేపిన ఊరు చుట్టుపట్ల పల్లెలకంటె వేడిగా నుండుటలో వింత లేదు. ఇక ఎయిర్ కండిషనరు గదిలోని వేడిని మాయము చేయదు, వీధిలోనికి నెట్టును. ఒకరి చల్లదనమునకు వెల చెల్లించువాడు ఎదుటి రేకుల యింటివాడు.

మన ఆలోచన ఆ రేకుల యింటినుండియే ప్రారంభము కావలెను. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. పగలు ఎండలో కూలి చేసిన శరీరము రాత్రియైనను చల్లబడనిచో మరునాటి ఎండకు ఓర్వజాలదు.

తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. తెల్లని పూతలు, పలకలు మొదలగువానితో ఎండను కప్పునుండియే వెనుకకు మరలించుట దాని సారాంశము. అంతకు ముందు 2017లో హైదరాబాదులోని 25 పేద యిండ్లపై ఇట్టి ప్రయత్నము చేయగా, లోపలి వేడిమి సగటున 2 డిగ్రీలు తగ్గినది. రెండే డిగ్రీలా యని నవ్వువారు రేకుల క్రింద ఒక్క రాత్రి పరుండి చూడవచ్చును!

విధానము మెచ్చదగినదే. కాని ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు, అంతకు మించిన స్థలములలోని ఇండ్లకును అది విధి. చిన్న యిండ్లకు ఐచ్ఛికము. కూలి డబ్బు తిండికే చాలనివానికి ఐచ్ఛికమనగా లేనట్లే గదా. 2017లో అహమ్మదాబాదు నగరము పేదల కప్పులకు సున్నము పూయించిన ఉదాహరణ మున్నది. మన పురపాలక సంఘములును ఆ ఖర్చును తామే భరింపవలెను. దుమ్ము పేరుకొన్నచో తెలుపు మాయును గనుక, కడుగుటకు, మరల పూయుటకు కూడ ఏటేట కొంత సొమ్ము కేటాయింపవలెను. ఒక వేసవిలో ఫొటోలు తీయించుకొని మరచుటవలన ప్రయోజనము లేదు.

డాబాకు సున్నము, ఇంటిచుట్టు వసారా, వట్టివేళ్ళ తడికె మన పెద్దలు ఎరిగినవే. మండువా లోగిళ్ళు మరల కట్టుకొనుమని ఎవరును అనరు, స్థలమేది? కాని ఎదురెదురు కిటికీలు, పడమటి గోడకు నీడనిచ్చు చూరు ఇరుకింటికిని సాధ్యములే.

ఈ విషయమున ఉపాధ్యాయులకు చేతనైన పని యొకటి కలదు. పాఠశాలలో ఒకే తీరున నున్న రెండు గదులలో ఒకదాని కప్పునకు సున్నము పూయించి, రెంటిలోను ఉష్ణమాపకములు వ్రేలాడగట్టి, మార్చినుండి సెలవులవరకు ప్రతిదినము మధ్యాహ్నము రెండుగంటల వేడిమిని విద్యార్థులచే వ్రాయింపవచ్చును. ఆ పట్టిక నొకదానిని పురపాలక సంఘమునకు పంపినచో, ప్రక్క బస్తీకి పూత అడుగుటకు ఆధారము దొరకును.