బోర్డు మార్చే ముందు బడిలో చెప్పండి

కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

2025 జూలైలో నంది కొండ మీద జరిగిన రాష్ట్ర మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చడానికి ఒప్పుకుంది. "పల్లి" తెలుగు మాట, కన్నడ నేల మీద ఎందుకన్నది మార్పు కోరినవాళ్ల వాదనల్లో ఒకటి. సరే, ఒక్కటడుగుతాను. ఆ "పల్లి" ఎక్కణ్నుంచి వచ్చిందో మన పిల్లలకు బడిలో ఎవరైనా చెప్పారా?

చెప్పి ఉంటే ఈ వాదన నిలిచేదే కాదు. పాత కన్నడలోనూ అది "పళ్ళి"యే. తర్వాత కన్నడలో చాలా మాటల మొదట ఉన్న ప కాస్తా హ అయింది. అందుకే మన పిల్లలకు ఇంట్లో పాలు, బడిలో హాలు. ఇంట్లో పులి, బడిలో హులి. ఇంట్లో పల్లె, బడిలో హళ్ళి. ఇంతకన్నా తేలికైన చరిత్ర పాఠం ఉంటుందా? పైగా దాని బదులు తెస్తున్న "భాగ్య", "నగర" రెండూ సంస్కృతం!

ఊరి చరిత్ర తెలియని చోట ఎవరేం చెప్పినా చెల్లుతుంది. అసలు నష్టం అదీ.

చింతామణి తాలూకా కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు చెప్పాడు. రెండు భాషలూ ఒకే నోట పలికిన మనిషి మన పక్క ఊళ్లో ఉండగా, పిల్లలకు భాషల గొడవ నేర్పుతామా? చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండం. అది ఆంధ్రలోని ఊరి పేరు. 1938 ఏప్రిల్ 25న విదురాశ్వత్థంలో జెండా పట్టుకున్నందుకు జనం మీద తుపాకులు పేలాయి. జలియన్‌వాలాబాగ్ గురించి రాసే పిల్లవాడికి మన జిల్లాలోని ఈ చోటు చూపించామా?

మనకు గొప్పగా అనిపించేవే చెప్పి ఊరుకుంటే అదీ మోసమే. 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితుల్ని సజీవంగా కాల్చేశారు. 2006లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు, 2014లో హైకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఏడు ప్రాణాలు పోయాయి, శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు. పై తరగతుల పిల్లలకు ఇది కూడా చెప్పాలి. "ఊరి పరువు" అని దాచేవాళ్లకు చరిత్ర గురించి మాట్లాడే హక్కు లేదు.

"సిలబస్సే పూర్తికాదు, ఇదెక్కడ?" అంటారు. కొత్త పుస్తకం అడగడం లేదు. నెలకు ఒక పూట చాలు. చెరువు ఎవరు తవ్వించారు, వీధికి ఆ పేరెందుకు, గుడి ముందు శాసనంలో ఏముంది అని పిల్లలు అవ్వాతాతల్ని అడగనీండి. తెలుగులో విన్నది కన్నడలో రాయనీండి. కన్నడమూ బాగా వస్తుంది, ఇంటి మాటా చిన్నబోదు. "ఇది తెలుగు పెత్తనం" అనేవాళ్లకు ఇదే నా జవాబు.

ఆ అవ్వాతాతలు మాత్రం మన కోసం ఆగరు. ఏటా కొందరు వెళ్లిపోతున్నారు, వాళ్లతో పాటే ఊరి కథలూ పోతున్నాయి.

అన్నలారా, అక్కలారా, ఇక్కడ లైకు కొట్టి వెళ్లిపోకండి. మీ బడి ఎస్‌డీఎంసీ సమావేశం ఈసారి జరిగినప్పుడు లేచి నిలబడి ఈ ఒక్క పూట అడగండి. పేరు బాగేపల్లిగా ఉన్నా, భాగ్యనగర అయినా, అది ఎవరి ఊరో పిల్లలకు తెలిసి ఉండాలి.