అర్జునుడు వినబడని పడకసీను

ఈ టపా కొంత పరుషంగా ఉంటుంది. కోపం ఒక శిష్యుని మీద వచ్చింది. దోషం మాత్రం అతనొక్కనిదే కాదు గనుక నలుగురి ముందూ చెబుతున్నాను.

నా వద్ద తెలుగు చదువుకొన్న అబ్బాయి ఒకడు, ఇద్దరు స్నేహితులను పోగుచేసుకొని, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగంలోని పడకసీనును ఇంటిలోనే ఆడాసిటీలో రికార్డు చేసి నాకు పంపాడు. సన్నివేశం మీరెరిగినదే. శ్రీకృష్ణుడు శయనించి ఉంటాడు. తలవైపున దుర్యోధనుడు, పాదాలవైపున అర్జునుడు. ఇయర్‌ఫోన్లు తగిలించుకొని విన్నాను. కృష్ణుడు పలికాడు, దుర్యోధనుడు పలికాడు. అర్జునుడు మాత్రం రానే లేదు! కృష్ణుడు ఎవరినో కుశలమడుగుతాడు; బదులుండదు. ఫైలు పాడైందేమోనని ఫోను చేశాను.

“లేదు మాస్టారూ, బాగానే ఉందండీ. అర్జునుణ్ణి పూర్తిగా ఎడమకూ, దుర్యోధనుణ్ణి పూర్తిగా కుడికీ ప్యాన్ చేశాను. స్టేజి కళ్ళకు కట్టినట్టుంటుందని!” అన్నాడు.

నాకు ఎడమ చెవి ఉద్యోగంలో ఉండగానే పోయింది. ఆ సంగతి తెలిసి, సందేహం అడగాలంటే నా కుడిప్రక్కకు వచ్చి నిలబడిన పిల్లవాడే ఇతడు. స్లైడరు చేతికి రాగానే ఆ ఎరుక ఏమైపోయిందో! నిద్ర లేచిన కృష్ణుని చూపు మొదట పడినది అర్జునుని మీదనే కదా. ఈ రికార్డింగు ప్రకారమైతే ఆయన కౌరవపక్షానికే వెళ్ళి ఉండాలి.

ఇంతకూ ఆ స్లైడరు చేసే పని ఏమిటి? మధ్యలో ఉంచితే గొంతు రెండు చెవులకూ సమానంగా అందుతుంది. ఎడమకు జరిపేకొద్దీ కుడివైపున తగ్గుతుంది. చివరిదాకా నెడితే కుడివైపున సున్న. ‘స్టేజి మీద అంతే కదా’ అంటారు. ముమ్మాటికీ కాదు! ప్రేక్షకునికి ఎడమవైపున నిలబడిన నటుని పద్యం అతని కుడి చెవికీ చేరుతుంది. సెకనులో వెయ్యోవంతుకంటె తక్కువ ఆలస్యంతో, తల అడ్డుపడినందువల్ల కొంచెం మందగించి చేరుతుంది, కాని చేరుతుంది. ఒక చెవికి నిండుగా, రెండవ చెవికి బొత్తిగా లేకుండా పలికే మనిషి, చెవిలో గుసగుసలాడేవాడు తప్ప, లోకంలో లేడు.

1931లో బ్రిటన్‌లో అలన్ బ్లమ్‌లైన్ స్టీరియో పేటెంటుకు దరఖాస్తు చేసినప్పుడు ఎదుట ఉంచుకొన్నది లౌడ్‌స్పీకర్లను. గదిలో ఎడమ స్పీకరు మాట కుడి చెవికీ వినబడుతుంది. అందువల్లనే, బీటిల్స్ వారి 1965 నాటి ‘రబ్బర్ సోల్’ స్టీరియో రికార్డులో చాలా పాటలకు గాత్రం ఒక ప్రక్క, వాద్యాలు ఇంకొక ప్రక్క ఉన్నా ఇండ్లలో చెల్లిపోయింది. అదే రికార్డును ఇయర్‌ఫోన్లలో వింటే తలను రెండుగా చీల్చినట్లుంటుంది. 1987లో సీడీ కోసం జార్జ్ మార్టిన్ దానిని మళ్ళీ మిక్స్ చేశాడు. అంతటివారు దిద్దుకొన్నదానిని మనం క్రొత్తగా కనిపెట్టినట్లు మురిసిపోవడమెందుకు?

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ శ్రవ్యమనీ విభజించారు. నాటకం దృశ్యం. మాట అందకపోతే అభినయమైనా అందుతుంది. రికార్డు చేసిన క్షణాన అది శ్రవ్యమైపోతుంది. భారమంతా చెవి మీదనే పడుతుంది. ఆ చెవికే గొంతును దూరం చేస్తే ఇక మిగిలేదేమిటి?

“ఫోనులో మోనో అమరిక ఉంది కదండీ, అది పెట్టుకోండి” అన్నాడు శిష్యుడు. ఉన్నది, నిజమే, ఐఫోనులోనూ ఆండ్రాయిడులోనూ విండోసులోనూ ఉన్నది. గడపను నడుమెత్తున కట్టి, దాటలేనివాణ్ణి నిచ్చెన తెచ్చుకోమన్నట్లుంది ఈ సమాధానం. అయినా ఇది చెవిటివారి గోడు మాత్రమే కాదు. వంట చేసుకొంటూ ఒక్క చెవికే పెట్టుకొని వినే ఇల్లాలున్నది. చెరొకటీ పంచుకొనే అన్నదమ్ములున్నారు. ఒక ప్రక్క తీగ మాత్రమే కలిపిన ఉత్సవ పందిరి మైకుసెట్టు ఉన్నది.

నేను స్టీరియోకు శత్రువును కాను. హార్మోనియాన్ని కుడికి జరపండి, తబలాను ఎడమకు జరపండి, తాళాలను ఇంకా దూరం పంపండి. హార్మోనియం తగ్గినా పద్యం నిలుస్తుంది. గొంతు పోతే పద్యమే పోతుంది. అర్థాన్ని మోసే గొంతును ఒక ప్రక్కకు పూర్తిగా నెట్టకండి. పాత్రల మధ్య ఎడం చూపాలంటే 30 శాతం చాలు.

పద్యాలు చదివి పెట్టే మిత్రులకు ఇంకొక మాట. ఒక్క మైకుతో స్టీరియోలో రికార్డు చేస్తే కొన్ని అమరికలలో గొంతు ఎడమ ఛానలులోనే పడుతుంది. ముందే మోనో ఎంచుకోండి. ఇదివరకే అలా పడి ఉంటే, ట్రాక్ మెనూలో ‘స్ప్లిట్ స్టీరియో టు మోనో’ నొక్కి, మూగసగాన్ని తీసివేసి, మిగిలినదాని ప్యాన్‌ను మధ్యలో ఉంచండి. బయటపెట్టే ముందు ఒకసారి ఎడమ చెవితో మాత్రమే, ఒకసారి కుడి చెవితో మాత్రమే వినండి. రెండుసార్లు వినే ఓపిక లేనివారు పద్యం జోలికి రాకపోవడమే మంచిది.

నా చీవాట్లు తిన్న శిష్యుడు ఆ రాత్రే సరిదిద్ది పంపాడు. ఈసారి అర్జునుడు వచ్చాడు. ఎడమనున్నాడో కుడినున్నాడో ఒంటిచెవివాణ్ణి నాకేమి తెలుస్తుంది? కొంచెం తగ్గుస్వరంలో, తన పద్యం తాను పూర్తిగా పాడుకొన్నాడు.