చట్టం నీడ లేని కోకో

2024 వేసవిలో కిలో వెయ్యి రూపాయల దాకా పలికిన కోకో గింజలకు ఏడాది తిరిగేసరికి అందులో సగం రావడమే గగనమైంది. కొనుగోళ్లు మందగించి, నిల్వలు పేరుకుపోయి, ఏలూరు జిల్లా రైతులు రోడ్డెక్కారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని కంపెనీలు ఇచ్చే రూ.450కి తన ఖజానా నుంచి రూ.50 కలిపింది. ఆ సీజను అలా గట్టెక్కింది. రైతుకు న్యాయమైన ధర ఎలా దక్కాలన్న అసలు ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

ధర పతనానికి అంతర్జాతీయ మార్కెటే కారణమని కంపెనీలు చెప్పవచ్చు. 2024 డిసెంబరులో టన్ను 12 వేల డాలర్లు దాటిన ధర తర్వాత దిగివచ్చిన మాట వాస్తవమే. కానీ మన రైతులు ఆందోళన చేస్తున్న 2025 మే నెలలోనూ న్యూయార్క్‌లో టన్ను ఎనిమిది వేల డాలర్లకు పైనే ఉంది. అంటే కిలో రూ.680కి తక్కువ కాదు. ప్రపంచ ధర పడినప్పుడు రైతుకూ కోత పడుతుందంటే అర్థం చేసుకోవచ్చు. ప్రపంచ ధరకు అందనంత దిగువన గింజలు అడగడం మార్కెట్ నియమం కాదు, కొనేవాళ్లు కొద్దిమందే కావడం వల్ల వచ్చిన పెత్తనం. ఆ తేడాలో కొంత భాగాన్ని ప్రజాధనంతో పూడ్చడమంటే కంపెనీలు మోయాల్సిన బరువును పన్ను కట్టేవారి భుజాలకెత్తడమే.

దేశంలో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఇక్కడ కోకో కోసం ఎవరూ అడవి నరకలేదు. గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతర పంటగా అది పెరుగుతోంది. రాలిన ఆకులు నేలను కప్పి తేమను నిలుపుతాయి. ఐవరీ కోస్ట్‌లో కోకో కోసం అడవులు హరించుకుపోయాక, 2020 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన గింజలు తమకొద్దని యూరప్ చట్టం చేసుకుంది. అక్కడ చట్టం పెట్టి సాధించాలనుకుంటున్న పద్ధతి మన రైతుకు అలవాటైన సేద్యమే. మొక్కలిచ్చి, మెళకువలు నేర్పి కంపెనీలు ఈ సాగుకు తోడ్పడ్డాయి. అందుకు వాటిని అభినందించాల్సిందే. అయితే సుస్థిర సాగు అని ప్రచారం చేసుకునేవారు కాయలు కొట్టి, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి తెచ్చిన రైతును ధర దగ్గర నిస్సహాయుణ్ని చేస్తే ఆ తోడ్పాటుకు విలువేముంటుంది?

ఈ దారి ఎక్కడికి పోతుందో మనకు తెలియనిది కాదు. 1980లలో ధర కుప్పకూలితే కేరళ రైతులు కోకో చెట్లు పీకేసి రబ్బరు వేసుకున్నారు. ఘనా, ఐవరీ కోస్ట్‌లలో ఏళ్ల తరబడి గిట్టుబాటు లేక ముదిరిన చెట్ల స్థానంలో కొత్తవి నాటలేకపోయారు. తెగుళ్లు, వాతావరణం తోడై 2024 నాటి కొరత వచ్చిపడింది. పేదరికం అక్కడి పసివాళ్లనూ తోటల్లోకి నెట్టింది. కోకో సాగులో బాలకార్మికుల దుస్థితిని రూపుమాపుతామని చాక్లెట్ పరిశ్రమ 2001లో మాట ఇచ్చింది. 2020లో షికాగో విశ్వవిద్యాలయ సంస్థ లెక్కగట్టేసరికి ఆ రెండు దేశాల్లో 15 లక్షల మందికి పైగా పిల్లలు ఆ పనిలోనే ఉన్నారు. చట్టం అండలేని స్వచ్ఛంద హామీ విలువ అంతే.

మన దగ్గర ఆ అండ ఎలా ఉండాలో వెతుక్కోనక్కర్లేదు. అదే తోటలోని ఆయిల్‌పామ్‌కు 1993 నాటి చట్టం ఉంది, గెలల ధర నిర్ణయించే సూత్రం ఉంది. జంగారెడ్డిగూడెం పొగాకు రైతుకు బోర్డు వేలం కేంద్రం ఉంది. కోకోకు అటువంటి చట్టమూ లేదు, వేలమూ లేదు, కనీస మద్దతు ధర జాబితాలో చోటూ లేదు. జీడిమామిడితో కలిపి కొచ్చిలో ఒక డైరెక్టరేట్ మాత్రం ఉంది. 22 పంటలకే పరిమితమైన మద్దతు ధరను కోకోకు విస్తరించమనడం కేంద్రానికి కష్టం కావచ్చు. సూత్రబద్ధమైన ధర రాష్ట్రం చేతిలో ఉన్నదే.

ప్రపంచ ధరకు ముడిపడి నెలనెలా ప్రకటించే ధర, రైతు కళ్లెదుటే తేమ కొలిచి గ్రేడు చెప్పే పద్ధతి, ఒప్పుకున్న సరుకు కొనకపోతే జరిమానా: ఇవి చట్టంలో ఉండాలి. ప్రపంచ ధర తగ్గినప్పుడు ఆ సూత్రం ప్రకారం రైతూ తగ్గించుకుంటాడు. సీజన్ మధ్యలో రూ.50 ఓదార్పుతో సరిపెట్టే తీరు పునరావృతం కాకూడదు. వచ్చే పంట కోతకు రాకముందే రాష్ట్ర ప్రభుత్వం కోకో బిల్లును శాసనసభ ముందుంచాలి.