ఓడినవాళ్లను పిలిచే దమ్ముందా?

క్లబ్బుకు నూరేళ్లు నిండుతున్నాయంటే చాలు, మార్కెటింగ్ వాళ్లు రంగంలోకి దిగిపోతారు. పాత డిజైన్ జెర్సీకి కొత్త రేటు కడతారు. సీజన్‌కు ముందు నాలుగు జట్లతో ఓ టోర్నీ పెడతారు. ఎవరిని పిలవాలి? ఎవరొస్తే స్పాన్సర్ జేబు విప్పుతాడో వాళ్లని! వచ్చిన జట్టుకూ పిలిచిన జట్టుకూ మధ్య ఒక్క పాత గొడవైనా ఉండదు. నూరేళ్ల చరిత్ర పేరు చెప్పి చేసే ఈ సంతలో చరిత్ర ఒక్కటే దొరకదు.

రోటర్‌డామ్‌ను చూసి సిగ్గు తెచ్చుకోండి. 1908లో పుట్టిన ఫెయెనూర్డ్, 2008 ఆగస్టులో తన డె కైప్ మైదానంలో శతాబ్ది టోర్నీ పెట్టి సెల్టిక్‌ను, టోటెన్‌హామ్‌ను, బోరుసియా డార్ట్‌మండ్‌ను పిలిచింది. ఎందుకు ఈ ముగ్గురే? ఫెయెనూర్డ్ గెలిచిన మూడు యూరప్ ఫైనల్స్‌లో ఓడింది వీళ్లే కాబట్టి. 1970లో మిలాన్‌లో అదనపు సమయం మరో మూడు నిమిషాల్లో ముగుస్తుందనగా కిండ్‌వాల్ గోల్ కొట్టాడు, సెల్టిక్ కూలింది. యూరోపియన్ కప్ తొలిసారి నెదర్లాండ్స్ చేరింది. 1974లో టోటెన్‌హామ్ అభిమానులు ఇదే డె కైప్‌లో అల్లర్లకు దిగితే, వాళ్ల మేనేజర్ బిల్ నికల్సన్ స్వయంగా మైకు పట్టుకుని బతిమాలాల్సి వచ్చింది. 2002లో డార్ట్‌మండ్‌పై 3-2. గెలుపైతే దక్కింది గానీ, రెండు రోజుల ముందే రోటర్‌డామ్ నాయకుడు పిమ్ ఫోర్టౌన్ హత్య జరిగింది. ఇక ఊరికి సంబరం ఎక్కడిది?

ఇంత రచ్చ జరిగిన గడ్డ మీదికి ఆ ముగ్గురినీ అతిథులుగా పిలవడానికి గుండె కావాలి. రావడానికీ కావాలి.

ఇక ఫలితమంటారా, గడ్డిపోచ! కప్పును టోటెన్‌హామ్ ఎగరేసుకుపోయింది. లీగ్ మొదలయ్యాక అదే టోటెన్‌హామ్ 8 మ్యాచ్‌ల్లో 2 పాయింట్లతో చతికిలబడి, అక్టోబర్‌లో కోచ్ రామోస్‌ను ఇంటికి పంపింది. ఫెయెనూర్డ్ వెలగబెట్టిందీ అంతంతే: జనవరిలో కోచ్ వెర్‌బేక్‌కు ఉద్వాసన, చివరికి 7వ స్థానం. ఆగస్టు గోల్స్ చూసి సీజన్ జాతకం చెప్పే టీవీ పండితులకు ఈ సంగతులు ఎవరైనా చదివి వినిపిస్తే పుణ్యం.

రేపు మీ క్లబ్బు నూరేళ్ల పండగంటూ టికెట్లు అమ్మడానికొస్తే ముందు అతిథుల జాబితా అడగండి. మీ తాతలను ఏడిపించినవాడో, మీ తాతల చేతిలో ఏడ్చినవాడో అందులో లేకపోతే పైసా ఇవ్వకండి.