ఉప్పల్ టు సాలార్‌జంగ్.. దివ్యాంగులకు ర్యాంపు ఒక్కటే చాలదు!

ఉప్పల్ స్కైవాక్‌కు లిఫ్టులున్నాయి. మెట్రో స్టేషన్లలోనూ ఉన్నాయి. వీల్‌చైర్‌లో ఉన్నవారు ఉప్పల్‌లో రైలెక్కి, పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్‌కు మారి ఎంజీబీఎస్ చేరుకోవచ్చు. అసలు పరీక్ష ఆ తర్వాతే! సాలార్‌జంగ్ మ్యూజియానికి అక్కణ్నుంచి రోడ్డు మీదే వెళ్లాలి. నాచారం వాళ్లకు మెట్రో స్టేషనే లేదు. ముందు హబ్సిగూడ దాకా రావాల్సిందే.

లోపలికెళ్లాక ఇంకో ప్రశ్న. మేలిముసుగు రెబెకా శిల్పాన్ని చూపున్నవారు కళ్లార్పకుండా చూస్తారు. చూపు లేనివారి సంగతేంటి? వారికి తాకి తెలుసుకునే నమూనా, ఆడియో వివరణ కావాలి. వినలేనివారికి సైగల భాషలో చెప్పాలి. ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లోనే తాకి చూసే ‘అనుభవ్’ గ్యాలరీ పెట్టింది.

మరి చట్టం ఏమంటోంది? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కళలనూ అందరికీ అందించాలంటోంది. పాత ప్రభుత్వ భవనాలను మార్చేందుకు రూల్స్ వచ్చాక ఐదేళ్ల గడువిచ్చింది. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. అంటే 2022 జూన్‌తోనే గడువు అయిపోయింది.

2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రూల్ 15ను కొట్టేసింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని ఆ రూల్ సలహాగా మార్చేసిందని తేల్చింది. మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీయే.

లిఫ్టు, ఫుట్‌పాత్, ఆడియో గైడ్.. వీటిలో ఒక్కటి లేకున్నా ప్రయాణం మధ్యలోనే ఆగిపోతుంది. మెట్రో, జీహెచ్ఎంసీ, మ్యూజియం ఎవరికి వారే ‘మా పని అయిపోయింది’ అనుకుంటే కుదరదు.