ఈ నెల మాట: లాగుడు

మారిషస్ చెరకు తోటల్లో మన ముత్తాతలకు బండి అంటే ఎడ్లబండి. ఇప్పుడు హైదరాబాదులో మోటార్ సైకిల్ కూడా బండే. "బాగా లాగుతుంది" అని రెంటికీ అనవచ్చు. టార్క్ అనే మాటకు నాకు నచ్చిన తెలుగు ఈ లాగుడే. (శాస్త్ర పుస్తకాల్లో వేరే మాట ఉంది, అది పరీక్షకు పనికొస్తుంది.)

దోహాలో, వెస్ట్ బేలో, నేను నడిపేది సుజుకీ ఎస్‌వీ650. 645 సీసీ. రెండు సిలిండర్లు వీ ఆకారంలో, మధ్య 90 డిగ్రీలు. ఒకటి పేలాక క్రాంకు 270 డిగ్రీలు తిరిగితే రెండోది పేలుతుంది. మళ్ళీ మొదటిది పేలడానికి ఇంకో 450 డిగ్రీలు. అందుకే చప్పుడు ఒకే తీరున రాదు, కుంటి గుర్రం అడుగుల్లా వస్తుంది. తక్కువ వేగంలోనే లాగుతుంది కాబట్టి గేర్లు ఎక్కువ మార్చనక్కర్లేదు. ఆ పెద్ద టవర్ల మధ్య సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే దారిలో అదే సుఖం. వేసవిలో మాత్రం వెనక సిలిండర్ వేడి తొడలకు తగులుతుంది. అప్పుడు నేను బండి తీయను.

షమాల్ గాలి వీచాక రోడ్డు మీద సన్నని ఇసుక పడుతుంది. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తిప్పారా, ఆ లాగుడుకే వెనక చక్రం జారుతుంది. సెలవులకు వచ్చిన మా అబ్బాయి తాళం అడిగాడు. ఇరవై ఏళ్ళవాడు. "ఇవ్వను. ముందు ఆరు నెలలు చిన్న బండి నడుపు" అన్నాను. అలిగాడు. వాళ్ళమ్మ ఆ రోజు నాకు రెండు గారెలు ఎక్కువ వేసింది.

మీ ఇంట్లో "లాగు" అనే మాటతో ఏమేం అంటారు? మూడు వాక్యాలు రాసి పంపండి.